గోధుమకు డ్రిప్ కొనాలా, స్ప్రింక్లర్ చాలా?

సోయా కోతలు అయిపోయి దీపావళి దగ్గర పడుతుంటే మా ఆదిలాబాద్ వైపు ప్రతి ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. ఖాళీ అయిన చేలో శనగ వేయాలా, గోధుమ వేయాలా? గోధుమ అయితే ఉన్న బోరు ఎన్ని ఎకరాలను ఆదుకుంటుంది? ఈ మధ్య దీని వెనకే ఇంకో మాట కూడా వస్తోంది. "సబ్సిడీలో డ్రిప్ ఇస్తున్నరట కదా, గోధుమకు పెట్టించుకుందామా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్క గోధుమ కోసమే కొత్తగా డ్రిప్ కొనొద్దు. కూరగాయలకో, పత్తికో, చెరకుకో వేసిన డ్రిప్ ఇప్పటికే చేలో ఉంటే మాత్రం దాని మీద గోధుమ వేయడానికి వెనకాడొద్దు. డ్రిప్ లేని వాళ్లలో ఎక్కువమందికి స్ప్రింక్లర్ చాలు. కొందరికి అదీ అక్కర్లేదు, శనగే మేలు. ఎవరు ఏ లెక్కలోకి వస్తారన్నది బోరు, నేల, పైపుల దూరం తేలుస్తాయి.

ముందు డ్రమ్ము పెట్టి బోరు కొలవండి

"మాది రెండించుల బోరు" అంటే లెక్క కుదరదు. ఆ రెండించులు అక్టోబరులో ఒకలా, ఫిబ్రవరిలో ఒకలా ఉంటాయి. 200 లీటర్ల డ్రమ్ము తీసుకుని పైపు కింద పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు నడిచాక. డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు వస్తున్నట్టు. 40 సెకన్లలో నిండితే 18,000.

ఇప్పుడు పంట వైపు చూద్దాం. గోధుమకు విత్తినప్పటి నుంచి కోత దాకా మొత్తం 350 నుంచి 450 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. ఎకరంలో ఒక మిల్లీమీటరు నిలిచిందంటే దాదాపు 4,000 లీటర్లు. అంటే పంట మొత్తానికి ఎకరాకు 16 లక్షల లీటర్లు అటూ ఇటూ. కంకి తీసి గింజ పోసుకునే రోజుల్లో రోజుకు నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లు తాగుతుంది. ఎకరాకు రోజుకు 18,000 లీటర్లు అనుకోండి.

గంటకు 10,000 లీటర్ల బోరు రోజుకు 8 గంటలు నడిస్తే 80,000 లీటర్లు. డ్రిప్‌లో పదో వంతు పోతుందనుకుంటే నాలుగు ఎకరాలు వస్తాయి. స్ప్రింక్లర్‌లో పావు వంతు గాలికి, ఎండకు పోయినా మూడు ఎకరాలకు కొంచెం పైనే. మళ్లు కట్టి పారిస్తే సగం దాకా కాలువలోనే ఇంకిపోతుంది కాబట్టి రెండు ఎకరాలు దాటితే గొప్ప. తేడా అంతా ఇదే. డ్రిప్‌కూ స్ప్రింక్లర్‌కూ మధ్య ఉన్నది ఎకరం కన్నా తక్కువ, స్ప్రింక్లర్‌కూ పారకానికీ మధ్య ఉన్నది ఎకరం కన్నా ఎక్కువ. డీలర్ దుకాణంలో కూర్చున్నప్పుడు ఈ మాట గుర్తుండాలి.

డ్రిప్ ఖర్చు గోధుమ మోయలేదు, ఎందుకంటే

టమాటకో మిరపకో సాలు సాలుకీ నాలుగైదు అడుగులు ఉంటుంది. గోధుమలో సాళ్ల మధ్య 20 నుంచి 22 సెంటీమీటర్లే. సాలుకో పైపు వేయలేం కాబట్టి మూడు సాళ్లకో, నాలుగు సాళ్లకో ఒకటి వేయాలి. అప్పుడు కూడా ఎంత పైపు పడుతుందో చూడండి. పైపుల మధ్య 60 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 6,700 మీటర్లు. 80 పెడితే 5,000. 90 పెడితే 4,500. కూరగాయలకు మామూలుగా వేసే 120 సెంటీమీటర్లయితే 3,400 మీటర్లే. మీ డీలర్ చెప్పే మీటరు ధరతో వీటిని గుణించండి. ఇది ఇన్‌లైన్ పైపు, అంటే లోపలే డ్రిప్పర్లు ఉన్న పైపు, ఒక్కటే. ఫిల్టర్, నీళ్లలో ఎరువు కలిపే వెంచురీ, మెయిన్, సబ్‌మెయిన్, వాల్వులు దీని మీద అదనం.

రాబడి కూడా చూడాలి కదా. 2025-26 మార్కెటింగ్ సీజన్‌లో గోధుమ మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు ఉండింది. ఆ ధరకు, ఎకరాకు 12 క్వింటాళ్లు వచ్చాయనుకుంటే చేతికి 29,100. అందులోంచి విత్తనం, దుక్కి, ఎరువు, హార్వెస్టర్ కిరాయి తీసేయాలి. మిగిలిన దాంతో 5,000 మీటర్ల పైపు ఖర్చు ఎన్నేళ్లకు తీరుతుందో మీరే వేసుకోండి.

"సబ్సిడీ ఉందిగా" అంటారు. ఉంది. కేంద్ర పథకంలో సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం. దాని మీద మన రాష్ట్రాలు ఇంకొంత కలుపుతాయి. కానీ ఒకసారి తీసుకుంటే అదే భూమికి మళ్లీ అడగడానికి ఏడేళ్లు ఆగాలి. ఆ ఒక్క అవకాశాన్ని చేతికి 30 వేల దగ్గరే ఆగే పంట దూరాలకు తగ్గట్టు వాడేసుకుంటారా? పైపుల దూరం ఎప్పుడూ మీ చేలో ఎక్కువ డబ్బు తెచ్చే పంటను బట్టి వేయించుకోండి. గోధుమ దానికే సర్దుకుంటుంది.

చైనాలోని షిన్‌జియాంగ్ లాంటి ఎడారి ప్రాంతంలో గోధుమ డ్రిప్ కింద బాగానే నడుస్తోంది, నిజమే. అక్కడా దారి వేసింది పత్తి. పత్తికి డ్రిప్ అలవాటై, పైపులు, ఫిల్టర్లు, మనుషులు అన్నీ సిద్ధమయ్యాకే గోధుమ ఆ దారిలోకి వచ్చింది.

ఉన్న డ్రిప్ మీద గోధుమ: సాళ్ల లెక్క

ఇక్కడే కొంచెం నిలబడి చూడాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను.

మొదటి ఏడాది నా ఎర్ర చెలకలో పైపులు 120 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. సీడ్ డ్రిల్‌తో చేను నిండా మామూలుగా విత్తించేసి, పైన పైపులు పరిచి నీళ్లు వదిలాను. పదో రోజుకు పైపుకు అటు రెండు సాళ్లు, ఇటు రెండు సాళ్లు పచ్చగా లేచాయి. మధ్యలో రెండు సాళ్లు మొలవనే లేదు. మొలిచిన నాలుగూ పొడుగై, నడుమ ఎర్ర మట్టి కనబడుతూ, గట్టు మీద నుంచి చూస్తే చేను గీతలు గీతలుగా ఉంది. పక్క చేను ఆయన వచ్చి చూసి, "ఏందన్నా, చేనుకు చారల చీర కట్టినవా?" అని నవ్విపోయాడు. తడి ఎర్ర నేలలో పక్కకు అంత దూరం పాకదన్న సంగతి నాకు తెలియక కాదు, విత్తేటప్పుడు గుర్తు రాలేదు.

కాబట్టి 120 సెంటీమీటర్ల పైపులు, ఎర్ర నేల అయితే చేను నిండా విత్తొద్దు. పైపుకు అటూ ఇటూ 10 సెంటీమీటర్ల దగ్గర ఒక సాలు, 30 దగ్గర ఒక సాలు, మొత్తం నాలుగు సాళ్లు వేసి నడుమ 60 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఆరు సాళ్లకు బదులు నాలుగే కదా అని దిగులు పడొద్దు. ఖాళీ పక్కన ఉన్న సాలు వెలుతురు దొరికి పిలకలు ఎక్కువ పెడుతుంది. మూడో వంతు సాళ్లు పోయినా దిగుబడి మూడో వంతు పోదు. డ్రిల్‌లో గొట్టాలు రెండు మూసేస్తే సరిపోతుంది.

నల్లరేగడి అయితే ఆరు సాళ్లూ వేసుకోవచ్చు. ఆ నేలలో తడి పక్కకు బాగా పాకుతుంది, సోయా వదిలి వెళ్లిన పదును కూడా లోపల ఉంటుంది. ఒక్కటే షరతు. నేల ఎండి బీటలు వారకముందే నీళ్లు మొదలుపెట్టాలి. పగులు పడ్డాక చుక్కలుగా వదిలిన నీళ్లు ఆ పగుల్లోకి దిగిపోతాయే తప్ప పక్కకు రావు.

90 సెంటీమీటర్ల పైపులు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 22.5 సెంటీమీటర్లకు ఒక సాలు చొప్పున పైపుకు నాలుగు సాళ్లు సరిగ్గా కూర్చుంటాయి, చేలో ఖాళీ ఉండదు. కొత్తగా డ్రిప్ వేయించుకునేవాళ్లు, తర్వాత కూరగాయలూ గోధుమా రెండూ వేయాలని ఉంటే, డీలర్‌ను 90 అడగండి.

మొలక విషయంలో మాత్రం డ్రిప్‌ను నమ్ముకోవద్దు. పదును మీద విత్తండి, లేదంటే విత్తే ముందు ఒక తడి స్ప్రింక్లర్‌తోనో పారకంతోనో ఇచ్చి, నేల ఆరాక విత్తండి. పక్కింటి స్ప్రింక్లర్ పైపులు రెండు రోజులు అడిగి తెచ్చుకున్నా పని అయిపోతుంది. విత్తనం ఐదు సెంటీమీటర్ల లోతుకు మించొద్దు. పొట్టి రకాల మొలక అంతకన్నా లోతు నుంచి పైకి రాలేదు.

నడిపించడం

90 సెంటీమీటర్ల దూరం, 40 సెంటీమీటర్లకో చుక్క, గంటకు 2 లీటర్ల డ్రిప్పర్. ఈ లెక్కన గంటకు ఐదున్నర మిల్లీమీటర్ల నీళ్లు పడతాయి. గింజ పోసుకునే కాలంలో మూడు రోజులకోసారి రెండున్నర గంటలు చాలు. ఎకరం మొత్తం ఒకేసారి నడవాలంటే గంటకు 22,500 లీటర్లు కావాలి. 10,000 లీటర్ల బోరు మీద 17 గుంటలకు (ఎకరానికి 40 గుంటలు) మించి ఒక్కసారి తెరవకండి. ఎకరమంతా వాల్వులు తెరిచేసి "చివరి మడికి నీళ్లు అందట్లేదు" అనేవాళ్లను ఎంతమందిని చూశానో. తప్పు పైపుది కాదు, వాల్వులు తెరిచే పద్ధతిది.

అందుతున్నాయో లేదో తెలుసుకోవడానికి మీటర్లేమీ కొననక్కర్లేదు. సాలు మొదట్లో, మధ్యలో, చివర్లో డ్రిప్పర్ కింద కొంచెం మట్టి తీసి గ్లాసు పెట్టండి. ఆరు నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు పడాలి. చివర్లో 160 కన్నా తక్కువ పడుతోందంటే ఎండ్ క్యాప్ తీసి పైపు కడగండి. ఎర్రగా, పాచిగా నీళ్లు వస్తే ఆ మురికంతా పోయేదాకా వదలండి. తెల్లటి సున్నం పొర కనిపిస్తే యాసిడ్ ట్రీట్‌మెంట్, అంటే పలచటి యాసిడ్ నీళ్లు పంపి పైపు కడగడం, చేయాల్సిందే. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ కాబట్టి ఏటా ఒకసారైనా అది తప్పదు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. చేతులకు గ్లౌజులు మరిచిపోకండి.

డ్రిప్‌కు అసలు లాభం నాకు కనిపించింది ఎరువు దగ్గర. ఎకరాకు కావలసిన నత్రజని దాదాపుగా రెండు యూరియా బస్తాల్లో వచ్చేస్తుంది. విత్తేటప్పుడు డీఏపీ బస్తా వేసి ఉంటే ఇంకాస్త తక్కువే పడుతుంది. పారకంలో దాన్ని రెండుసార్లు చల్లి, వాన కోసమో తడి కోసమో ఎదురుచూస్తాం. డ్రిప్‌లో విత్తిన 20వ రోజు నుంచి 60వ రోజు దాకా వారం వారం కొంచెం కొంచెం కరిగించి పంపొచ్చు. డీఏపీ మాత్రం పైపులో పోయకండి, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అది విత్తేటప్పుడు నేలలోనే పడాలి.

ఇంకో లాభం ఫిబ్రవరిలో. ఎండ 30 డిగ్రీలు దాటుతున్నప్పుడు గోధుమ గింజ తొందరపడి ముదిరి నొక్కుకుపోతుంది. ఆ రోజుల్లో పారకం పెడితే కంకి బరువుకు, మెత్తబడిన నేలకు చేను పడిపోతుంది. డ్రిప్‌లో రోజు విడిచి రోజు గంటన్నరకు కొంచెం పైగా ఇవ్వొచ్చు, చేను నిలబడే ఉంటుంది.

స్ప్రింక్లర్: కొనేది తక్కువ, మోసేది ఎక్కువ

నాజిల్ ఒక్కోటి గంటకు 1,800 లీటర్లు తీసుకుంటుంది. 10,000 లీటర్ల బోరు మీద ఐదు నాజిళ్లు నడుస్తాయి. 12 మీటర్లకో నాజిల్ పెడితే ఒక్కోచోట మూడు గంటల్లో 37 మిల్లీమీటర్లు పడుతుంది. ఎకరం పూర్తి చేయడానికి పైపులు ఆరుసార్లు మార్చాలి. మూడు ఎకరాలకు ఒక తడి అంటే 18 సార్లు. మోకాలు ఎత్తు గోధుమలో, చెప్పులకు బురద అంటుకుంటూ, ఆరు మీటర్ల పైపు భుజాన వేసుకుని నడవడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఇంట్లో ఇద్దరు మనుషులు ఉంటే స్ప్రింక్లర్ తీసుకోండి. ఒక్కరే ఉండి, కూలీని పిలవాల్సి వస్తే ఆ లెక్క వేరే వేసుకోవాలి.

అయినా గోధుమకు ఇది సరిపోయే పద్ధతే. మొలక సమంగా వస్తుంది, సాళ్ల గొడవ లేదు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా పనవుతుంది, సోయాకు ఆగస్టులో వాన ఎగ్గొడితే అవే పైపులు ఆదుకుంటాయి. గాలి ఉన్నప్పుడు మాత్రం నడపకండి, ఒక పక్క తడిసి ఇంకో పక్క ఎండుతుంది. తెల్లవారుజామున గాలి తక్కువ. మన దక్షిణాది గోధుమకు తుప్పు తెగులు పెద్ద శత్రువు. ఆకు గంటల తరబడి తడిగా ఉంటే అది పాకుతుంది. పూత దశ నుంచి ఆకుల మీద గోధుమ రంగు పొడి కనిపిస్తోందేమో వారానికోసారి చూస్తూ ఉండండి.

మినీ స్ప్రింక్లర్లు మార్చే పని తప్పిస్తాయి, కానీ ఖర్చులో డ్రిప్ పక్కకే వెళ్తాయి. ఆకుకూరలు, ఉల్లి వేసేవాళ్లకు సరే. సన్న రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మే రెయిన్ పైపు చవక, ఒకటి రెండు పంటలకు పనికొస్తుంది. గోధుమ ఎత్తు పెరిగాక దాని చినుకు మొక్కలకు తగిలి ఆగిపోతుంది. దూరానికి నీళ్లు విసిరే రెయిన్‌గన్‌కు కావలసిన ఒత్తిడి, నీళ్లు చిన్న బోర్లలో ఉండవు. మన వైపు దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

నేలలో పాతిపెట్టే డ్రిప్ గురించి కూడా అడుగుతున్నారు. పంజాబ్‌లో లూధియానా దగ్గర లాఢోవాల్‌లో బోర్లాగ్ వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల్లో వరి, గోధుమలకు అలా చేసి పారకంతో పోలిస్తే దాదాపు సగం నీళ్లు ఆదా చేశారు. అక్కడ దున్నకుండా విత్తే పద్ధతి ఉంది కాబట్టి పైపు భద్రంగా ఉంటుంది. మనం ఏటా నాగలి, రోటవేటర్ తిప్పుతాం. పైగా నల్లరేగడి ఎండాకాలంలో విచ్చుకుని, వానాకాలంలో ఉబ్బి పైపును అటూ ఇటూ లాగుతుంది. ఎలుక కొరికిన చోటు కనబడదు కూడా. ఇప్పటికైతే వద్దనే అంటాను.

పారకమే దిక్కయితే

చెరువు కిందో కాలువ కిందో భూమి ఉండి, నీళ్లు వచ్చినప్పుడు ధారాళంగా వస్తే పారకం తప్పు కాదు. పెద్ద మళ్లు కట్టకండి. మూడు నాలుగు మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు పట్టీలుగా కట్టి, నీళ్లు ముప్పావు దూరం వెళ్లగానే మడవ కట్టేయండి. మిగతా పావు తనంతట తనే పారుతుంది. అన్ని తడులకూ నీళ్లు లేకపోతే విత్తిన 20 రోజుల దగ్గర, పిలక వేర్లు పుట్టేటప్పుడు ఇచ్చే తడిని మాత్రం వదలొద్దు. రెండోది పూతకు దాచుకోండి. అలాంటి చేలకు తక్కువ నీళ్లతో పండే రకాలు తెచ్చుకోవాలి. మహారాష్ట్రలోని నిఫాడ్ పరిశోధన కేంద్రం ఇచ్చిన నేత్రావతి, పుణెలోని అఘార్కర్ సంస్థ ఇచ్చిన ఎంఏసీఎస్ 4028 అలాంటివే. రెండోది దాదాపు 102 రోజుల్లో కోతకు వస్తుంది. మహారాష్ట్ర సరిహద్దు మనకు పక్కనే కాబట్టి అటు వైపు విత్తన దుకాణాల్లో అడిగి చూడండి. అయితే ఏ పద్ధతిలోనైనా నవంబరు దాటించి విత్తితే గింజ దశ సరిగ్గా ఎండలో పడుతుంది, ఆ నష్టాన్ని ఏ పైపూ పూడ్చలేదు.

డ్రమ్ము నిండటానికి రెండున్నర నిమిషాలు పడుతోందా? అంటే గంటకు 5,000 లీటర్లు కూడా లేవు. అక్కడ గోధుమ ఇంటి రొట్టెలకు ఎకరం చాలు, మిగతాది శనగ వేయండి. నల్లరేగడిలో శనగ ఒకటి రెండు తడులతో, కొన్నిచోట్ల అసలు తడే లేకుండా పండుతుంది.

డ్రిప్ మీద గోధుమ వేసినవాళ్లకు చివరగా ఒక్క పని మిగులుతుంది. గింజ గట్టిపడి ఆఖరి తడి అయిపోగానే, కోతకు పది రోజుల ముందే పైపులు చుట్టేయండి. సబ్‌మెయిన్ దగ్గర పైపును కలిపే టేకాఫ్ ఊడదీసి, సాలు చివర నుంచి మెల్లగా లాగితే 60 మీటర్ల పైపు గోధుమ మొదళ్ల మధ్య నుంచి జారుకుంటూ వచ్చేస్తుంది. మా దగ్గర ఒకాయన "రేపు తీద్దాం, రేపు తీద్దాం" అనుకుంటుండగానే హార్వెస్టర్ వరస వచ్చేసింది. అర ఎకరం పైపు ముక్కలు ముక్కలై గడ్డిలో కలిసింది. ఆ వేసవంతా ఆయన పశువుల మేతలోంచి నల్లటి ముక్కలు ఏరుతూనే ఉన్నాడు.